ఉతకకూడని చొక్కా

ఏటిగడ్డపల్లెలో పెంచలయ్య ఇంటి ముందు దండెం మీద చొక్కా ఆరుతున్నంత కాలం పెంచలయ్య ఇంట్లో ఉన్నట్టే. అలాగని ఊరిని నమ్మించే పనిని ముప్పై ఏడు రోజులుగా కోమలి మోస్తోంది. "నాలుగు దినాలే పాపా, వచ్చేస్తా" అని మామిడికాయల లారీ ఎక్కిన నాయన తిరిగి రాలేదు. ఆయన ఫోను మోగదు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఇంట్లో మిగిలింది పదో తరగతి కోమలి, నాలుగో తరగతి తమ్ముడు మునికుమార్, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న చుక్కావు. ఎవరడిగినా అక్కాతమ్ముళ్లిద్దరిదీ ఒకటే పాఠం: "నాయన పొద్దుపోయినాక వస్తాడు, తెల్లారకముందే పోతాడు." పోయిన వారం సత్యవేడు నుంచి మేనత్త తిరుమలమ్మ ఫోను చేస్తే "నిద్రపోతా ఉండాడత్తా" అని తమ్ముడు తడుముకోకుండా చెప్పేశాడు. చెప్పాక చెమటలు పట్టి మంచినీళ్లు తాగాడు.

తిరుమలమ్మకు తెలిస్తే ఏమవుతుందో కోమలికి బాగా తెలుసు. అమ్మ దినాల నాడే ఆమె నలుగురిలో అనేసింది. "ఒరే పెంచలా, ఆడబిడ్డను నాతో పంపు, మా ఇంట్లో పనీపాటా చూసుకుంటా ఇంత కూడు తింటాది. పిల్లోణ్ణి హాస్టల్లో ఎయ్." ఆ రోజు నాయన ఇద్దరి చేతులూ పట్టుకుని నిలబడి, ఊహూ అన్నాడు. ఇప్పుడు ఊహూ అనడానికి ఆయన లేడు. అందుకే చొక్కా దండెం మీద ఆరాలి.

ఆ సోమవారం పొద్దున ఆ చొక్కానే కొంప ముంచింది.

చొక్కాకూ ఆవుకూ ఉన్న సంబంధం ముందు చెప్పాలి. ఈ ఈతలో చుక్కావుకు దూడ దక్కలేదు. దూడ లేని ఆవు ఎవరికి పడితే వాళ్లకు చేపదు. నాయన వచ్చి పక్కన కూర్చుని, గంగడోలు నిమిరి, రెండు మాటలు మాట్లాడితేనే పొదుగులోకి పాలు దించేది. నాయన వెళ్లిన రెండు రోజులూ అది కోమలిని దగ్గరికే రానివ్వలేదు. మూడో రోజు ఆమెకేం తోచిందో, కొక్కేనికి వేలాడుతున్న నాయన బూడిదరంగు చొక్కా తొడుక్కుని వెళ్లింది. ఆవు ఆమె మోచేతి దగ్గర మూతి పెట్టింది. బుస్సుమని గాలి పీల్చింది. కాసేపు ఆలోచించినట్టు నిలబడి, చేపింది. బకెట్టులో పడిన మొదటి ధార చప్పుడుకు కోమలికి ఏడుపొచ్చింది.

నాయన ఇంట్లో వదిలి వెళ్లింది ఆ ఒక్క చొక్కానే. కాబట్టి పాపం దానికి రెండు ఉద్యోగాలు. పాలు పిండేంతసేపు కోమలి ఒంటి మీద, తర్వాత పగలంతా దండెం మీద. ఉతికి ఆరేసినట్టు కనపడాలని అంచుల మీద నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించేది, అంతే. దాన్ని ఉతకకూడదన్నది కోమలి పెట్టుకున్న గట్టి నియమం. ఆ నియమం తమ్ముడికి చెప్పాలన్న సంగతే ఆమెకు తోచలేదు.

ఆరు గంటలకు ఎప్పటిలాగే చొక్కా తొడుక్కుని, చేతులు మడిచి, బకెట్టు పట్టుకుని కొట్టంలోకి వెళ్లింది. చుక్కావు మూతి చాచింది. తుమ్మింది. రెండడుగులు వెనక్కి వేసి, ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"ఏమ్మే, నేనే గదా" అంటూ కోమలి గంగడోలు నిమిరి, వేళ్లకు ఆముదం రాసుకుని కూర్చుంది. నాలుగు చన్నులూ లాగింది. చుక్క రాలేదు. మళ్లీ లాగేసరికి ఆవు కాలు విసిరింది. బకెట్టు గోడకు కొట్టుకుని దొర్లిపోయింది.

అప్పుడు కోమలి తన చేతిని తానే వాసన చూసుకుంది. నిమ్మకాయ సబ్బు. తొడుక్కునేటప్పుడు చొక్కా పటపటమందనీ, కాలరు ఇందాకటి నుంచీ మెడకు గుచ్చుకుంటోందనీ అప్పటికి గానీ గమనించుకోలేదు.

"మునీ!"

మునికుమార్ కళ్లు నలుపుకుంటూ వచ్చాడు.

"ఈ చొక్కా ఎవురుతికింది?"

"నేనే" అన్నాడు వాడు, మెచ్చుకోలు కోసం ఎదురుచూసే మొహంతో. "నిన్న నువ్వు గడ్డికి పోయినప్పుడు సబ్బు పెట్టి బండకేసి బాదినా. గంజి కూడా పెట్టినాక్కా. కాలరు సూడు, ఎట్ల నిలబడిందో."

"గంజి కూడానా!"

"నాయనొస్తే ఏసుకునేదానికి ఒక మంచి చొక్కా ఉండొద్దా? నువ్వేమో దినామూ ఉతక్కుండానే ఆరేస్తావు. ఎవురన్నా చూస్తే నవ్వరా?"

కోమలి చెయ్యెత్తింది. వాడి వేళ్ల కణుపులు బండకు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉన్నాయి. ఎత్తిన చేత్తో తన నెత్తి మీదే ఒకటి కొట్టుకుంది.

"ఆవుకు చొక్కా కాదురా కావాల్సింది, నాయన చెమట."

వాడి మొహం చిన్నబోయింది. పొదుగు వైపు చూశాడు. అది బిగిసి రాయిలా ఉంది. పాలు అలాగే నిలిచిపోతే పొదుగు వాస్తుంది. పొదుగు వాస్తే ఆవు చేతికి దక్కదు. ఆవు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పొయ్యి వెలగకపోతే సత్యవేడు ఒకరికి, హాస్టలు ఒకరికి. తొమ్మిదేళ్ల వాడికి కూడా ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

"నేను నాయన మాదిరి మాట్లాడనా?" అని, జవాబు కోసం చూడకుండానే గొంతు బరువు చేసుకుని ఆవు చెవి దగ్గరికి పోయాడు. "ఏమే చుక్కీ, అలిగినావా? నేనే మే, పెంచలయ్యను."

చుక్కావు మొహం పక్కకు తిప్పుకుంది. అంత దిగులులోనూ కోమలికి నవ్వొచ్చింది.

"ఏం పాపా, ఏడు కావస్తా ఉండాది, మీ పాలక్యాను మా వాకిలి దాటలేదే?"

పక్కింటి రుక్మిణమ్మ గొంతు అది. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో కూడా ఊరంతా తిరిగొస్తుంది. చేతిలో మూత పెట్టిన గిన్నెతో అప్పటికే కొట్టం గుమ్మంలో నిలబడి ఉంది.

కోమలి గభాల్న లేచింది. "నాయన ఇప్పుడే పోయినాడవ్వా. ఆవు రోంత బెదిరినట్టుండాది, అంతే."

రుక్మిణమ్మ దొర్లిన బకెట్టును చూసింది. కోమలి ఒంటి మీది చొక్కాను చూసింది. "చొక్కా నీకిడిసిపెట్టి, ఉత్త మేనుతో పోయినాడా లారీకి?"

"ఇంకో చొక్కా ఉండాదవ్వా!" అన్నాడు మునికుమార్.

"ఉండాదా నాయనా? మరి ముప్పై ఏడు దినాలుగా అది దండెం ఎక్కిందే లేదే. పాపం ఈ బూడిద చొక్కా ఒక్కటే ఎండకు మాడిపోతా ఉండాది."

ఈమె ముప్పై ఏడు అంది. గోడ మీద బొగ్గుతో కోమలి ఒక్కతే గీసుకుంటున్న గీతలవి. ఇక దాచడానికేమీ లేదు. "అవ్వా, నీ కాళ్లకు మొక్కుతా, మా అత్తకు మటుకు చెప్పొద్దు. నన్నూ వీణ్ణీ చెరొక చోటికి ఇడగొడతారు" అంటూ నిజంగానే వంగింది. ముసలామె ఆమె జబ్బ పట్టుకుని పైకి లేపింది.

"చెప్పేదాన్నయితే మొదటి వారమే చెప్పనామ్మే?"

"మొదటి వారమే తెలుసా?"

"తెలీకుండా యాడికి పోతాది! మీ నాయన ఇంట్లో ఉంటే తెల్లారి నోరు కడుక్కునేటప్పుడు చేసే ఆర్భాటానికి మా కోడి కూడా అదిరిపడి లేస్తాది. నాలుగు దినాలు కోడి నిమ్మళంగా పండుకుంటే అనుకున్నా, పెంచలయ్య ఇంట్లో లేడని."

"ఇంకా ఎవురికి తెలుసవ్వా?"

"తెలీనోళ్లు ఎవురో అడుగు. అదైతే బిన్నా, ఒక్క మాటలో చెప్పొచ్చు."

కోమలికి ముందు సిగ్గేసింది. ఇన్నాళ్లూ అందరూ చూస్తుండగా తను కట్టిన నాటకం ఇది. ఆ తర్వాత ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది.

రుక్మిణమ్మ మొగుడు గోవిందయ్య తాత ట్రాక్టరు నుంచి రోజు మార్చి రోజు పచ్చిగడ్డి మోపు జారిపడేది. సరిగ్గా వీళ్ల వాకిలి ముందున్న గుంత దగ్గరే. "కుదుపుకు పడిపోయింది, మళ్ల ఎవురెత్తుతారు, ఆవుకేసుకో మే" అనేవాడు. ఆ గుంతలో గట్టిగా చూస్తే కోడిపిల్ల కూడా మునగదు. పాలకేంద్రం గుణశేఖర్ ఆరున్నరకల్లా మిషను ఆపి తాళం వేసే మనిషి. ఇల్లు ఊడ్చి, తమ్ముణ్ణి లేపి, పాలు పిండి కోమలి పరుగెత్తేసరికి ఏడయ్యేది. అయినా రోజూ ఏదో తీగ సరిచేసుకుంటూ అక్కడే కూర్చుని ఉండేవాడు. అన్ని రోజులూ ఒకే తీగ! బడిలో తల్లిదండ్రుల సమావేశానికి రాలేనంటూ నాయన సంతకం తనే గీకి ఇస్తే, స్టెల్లా టీచరు కాగితం పైకెత్తి చూసి "మీ నాయన చేతిరాత బాగుపడిందే" అని, మడిచి సంచిలో పెట్టేసుకుంది. ఇక రుక్మిణమ్మ ఇంట్లో సంగటి. "మిగిలిపోయింది మే, పారేస్తే పాపం" అంటూ రోజూ తెచ్చేది. ఇద్దరే ముసలివాళ్లున్న ఇంట్లో రోజూ సరిగ్గా రెండు ముద్దలే ఎలా మిగులుతాయని, లెక్కల్లో ఫస్టొచ్చే కోమలికి ఒక్కనాడూ అనుమానం రాలేదు.

"ఎందుకవ్వా చెప్పలా? తెలుసని ఒక్క మాట అనుంటే..."

"అంటే నువ్వు తీసుకోనుంటావా? మీ అమ్మ మాదిరే నీకూ రోషం జాస్తి. చేతికిస్తే వద్దంటావు, కింద పడింటే ఎత్తుకుంటావు. అందుకే పడేసినాము. ఆ మోపు ఎత్తి పడేసి, ఎత్తి పడేసి మా ముసలాయనకు నడుం పట్టేసింది తెలుసునా?"

మునికుమార్ కిసుక్కున నవ్వాడు. ఇలాంటప్పుడు చెప్పడానికి తెలుగు వాచకంలో ఒక పెద్ద మాట ఉంది. పరీక్షలో రాసి కోమలి మార్కులు కూడా తెచ్చుకుంది. రుక్మిణమ్మ మొహం చూసి ఆ మాట అనడం ఆమె వల్ల కాలేదు. గిన్నె అందుకుంది. మూత తీసింది. ఈసారీ రెండే ముద్దలు, పక్కన శనక్కాయల ఊరిబిండి.

"నువ్వు తిన్నావా అవ్వా?" అంది.

ఆ ఇంట్లో ఎవరూ రుక్మిణమ్మను ఇన్నాళ్లలో అడగని మాట అది. ముసలామె పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "తింటాలే. ముందు నోరు లేని దాని సంగతి చూడు. పొదుగు పగిలిపోయేట్టుండాది" అని వెనుదిరిగి, కుంటుతూనే గబగబా తన ఇంటికి వెళ్లింది. వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చింది. చేతిలో ముడివేసిన ప్లాస్టిక్ కవరు.

"ఆ గంజి చొక్కా ఇప్పేసి ఇది తొడుక్కో."

కోమలి బూడిదరంగు చొక్కా విప్పి గుంజకు తగిలించింది. ముడి విప్పగానే కవరులోంచి వాసన లేచింది. చెమట, బీడీ, డీజిలు. నాయన లారీ దిగి వాకిట్లో కాళ్లు కడుక్కునేటప్పుడు వచ్చే వాసన. గబగబా తొడుక్కుని చేతులు మడిచింది. ఏం జరుగుతోందో ఆమెకు అర్థమయ్యేలోపే చుక్కావు మెడతాడు బిగిసేదాకా ముందుకొచ్చి, చొక్కాలో మూతి దూర్చి, చెయ్యీ కాలరూ కలిపి నాకడం మొదలుపెట్టింది.

"కూచో, కూచో, చేపుతా ఉండాది!" అని రుక్మిణమ్మ అరిచింది.

కోమలి బకెట్టు కిందికి లాక్కుని కూర్చుంది. మొదటి ధార బకెట్టు అడుగున టంగున మోగింది. రెండోది, మూడోది. ఆ తర్వాత చప్పుడు మెత్తబడి నురగలోకి దిగిపోయింది. మునికుమార్ ఆవు నుదుటి మీది మచ్చను తడుముతూ, తప్పు చేసినవాడి గొంతుతో "ఇంక ఉతకను చుక్కీ, నీ మీదొట్టు" అని చెబుతున్నాడు. కోమలి ఆవు డొక్కకు తల ఆనించి పిండుతూనే ఉంది. గడ్డి మోపులు, సంగటి ముద్దలు, గుణశేఖరన్న తీగ, టీచరు సంచిలో మడిచిన కాగితం. ఎవరిని తలుచుకుంటే ఎవరు మిగిలిపోతారో అన్నట్టు ఒక్కొక్కరినీ తలుచుకుంది. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆమె భుజాలు కిందికి దిగాయి.

"మునీ, పాలు వడకట్టి క్యానులో పోసుకోని పో. గుణశేఖరన్న కాసుకోనుంటాడు."

వాడు బకెట్టును రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకి వెళ్లాడు. కోమలి లేచి మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు సర్దుకుంటూ, మొట్టమొదటిసారి దాన్ని సరిగ్గా చూసింది. నీలం గళ్లు. పై నుంచి మూడో గుండీ మాత్రం తెల్లది. తన పాత యూనిఫారం నుంచి తెంపి, ముప్పై ఎనిమిది రోజుల కిందట ఆమె స్వయంగా కుట్టిన గుండీ. మరునాడు పొద్దున ఆ చొక్కా వేసుకునే నాయన లారీ ఎక్కాడు.

"అవ్వా." ఆ గుండీని వేళ్లతో పట్టుకుంది. "ఈ చొక్కా నీకు యాడిది?"

రుక్మిణమ్మ, మునికుమార్ వెళ్లిన వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "పోయిన బుధవారం మీ నాయనే ఇచ్చినాడు. మా పెద్దోడు చిత్తూరులో ఆటో తోలతాడు గదా, వాడు చూసొచ్చి చెప్పినాడు. నమ్మకుండా నేనే పోయినా. మా ఇంటాయన చొక్కా ఒకటి తీసకపోయి ఇస్తే, ఇది ఇప్పి నా చేతిలో పెట్టినాడు. 'పిన్నమ్మా, దీన్ని ఉతకొద్దు, గాలి తగలకుండా ముడేసి పెట్టు. మా చుక్కి ఎప్పుడన్నా మొండికేస్తే పిలకాయలకు పనికొస్తాది' అన్నాడు."

"నేను చొక్కా ఏసుకోని పిండేది నాయనకెట్ల తెలుసు?"

"నేనే చెప్పినా. ఇని, గోడ తట్టు తిరుక్కున్నాడు. రోంత సేపు ఇటు తిరగలా."

కోమలి చొక్కా అంచును పిడికిట్లో బిగించింది. బతికే ఉన్నాడు. తమను మరిచిపోలేదు. అంత దూరం నుంచి, ఏ గోడల మధ్య నుంచో, ఆవు మొండితనం కూడా గుర్తుపెట్టుకుని ఒంటి మీది చొక్కా విప్పి ఇచ్చాడు. సంతోషం, కోపం ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకొచ్చాయి. "మరి ఇంటికెందుకు రాలేదవ్వా? యాడుండాడు?"

"రాలేని చోట ఉండాడు. ఈ పొద్దు పదిన్నరకు చిత్తూరు కోర్టుకు తీసుకొస్తారంట. నిన్ను చూడాలన్నాడు. ఎనిమిదిన్నర బస్సుకు పోదాం."

"కోర్టుకా? ఏం చేసినాడు నాయన?"

"ఆ మాట నన్నడగొద్దు పాపా. నీతో తానే చెప్పుకుంటానని నా చేత ఒట్టు ఏయించుకున్నాడు. పిల్లోణ్ణి స్టెల్లా టీచరు కాడ ఇడిసిపెట్టి పోదాం. వానికి ఇప్పుడే తెలీకపోతే మేలు."

కోమలి తల ఊపబోయింది. గుంజ దగ్గర అలికిడయింది. మునికుమార్ ఎప్పుడొచ్చాడో, గుంజకు తగిలించిన బూడిదరంగు చొక్కా తీసి, గడ్డి పరకలు దులుపుతున్నాడు. దాన్ని ఛాతీకి ఆనించుకుని, కాలరు నలగకుండా నాలుగు మడతలు పెట్టాడు. వాడి కళ్లు నిండి ఉన్నాయి గానీ ఒక్క చుక్క కింద పడనివ్వలేదు.

"కోర్టుకు ఉతికిన చొక్కానే గదక్కా ఏసుకోవాల్సింది?" అన్నాడు. "గంజి కూడా పెట్టినా."

కోమలి వెళ్లి తమ్ముడి చెయ్యి పట్టుకుంది, అమ్మ దినాల నాడు నాయన పట్టుకున్నట్టే.

"ఇద్దరం వస్తామవ్వా. ఒకరిని ఇడిసి ఒకరం యాడికీ పోము."

రుక్మిణమ్మ వాళ్లిద్దరినీ, మడత చొక్కానూ మార్చి మార్చి చూసింది. గుమ్మం మీద చతికిలబడింది.

"అట్లయితే ఇంగొక సంగతి కూడా ఇప్పుడే చెప్పాల" అంది. "కోర్టుకాడికి సత్యవేడు నుంచి మీ అత్త కూడా వస్తా ఉండాది. ఆమెకు నేను చెప్పలా. ఊర్లో ఎవురూ చెప్పలా. మీ నాయనే కబురంపి పిలిపించినాడు."